గ్రంథాలయమునకు తలుపులు తెఱచినవారు

గ్రంథములను కూర్చి తాళము వేసి దాచువాడు గ్రంథపాలకుడు కాడు. ఫ్రాన్సు దేశపు పండితుడగు గబ్రియేలు నోదే (1600–1653) ఈ సంగతి నెఱిగినవాడు. అతడు గ్రంథాలయమును నెలకొల్పు విధమును గూర్చి 1627లో ఒక పుస్తకము ప్రకటించెను. పిమ్మట ప్రధానమంత్రియగు మజారిన్ కొఱకు పారిసు నగరమున దాదాపు 40,000 గ్రంథములను సమకూర్చి, చదువరులకు తలుపులు తెఱపించెను.

మన హైదరాబాదునందు ఇట్టి కార్యమునకు పూనినవారిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ముఖ్యులు. వీరు 1877లో పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, నాగపురమున అక్కగారగు భండారు అచ్చమాంబగారి యింట చదువుకొనిరి.

నాడు నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగు బాలురకు స్వభాషలో పుస్తకములు దుర్లభములు. కావున వీరు మిత్రులతో గూడి 1901 సెప్టెంబరు 1వ తేదీన రామకోటిలోని రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. అయితే బీరువాలుండిన చాలునా? వానిలో నుంచుటకు తెలుగు పుస్తకములు కావలదా? అందులకై 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రములను, శాస్త్రములను తెలుగున వ్రాయించిరి. పిదప ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించి, పని ముగియకయే 1923లో దివంగతులైరి.

నోదే కూర్చిన గ్రంథములు 1652లో దేశమందలి అంతఃకలహములలో విక్రయింపబడి చెదరిపోయెను. ఒక ప్రభువు సొత్తు అతని కష్టకాలమున అతనితోపాటే చెడెను. పలువురి పూనికతో నడచిన భాషానిలయమో, మన బార్కసునకు ఉత్తరముగా, మూసీ కావల, సుల్తాను బజారున నేటికిని నిలిచియున్నది. తలిదండ్రులారా! ఒక సెలవుదినమున బిడ్డలను అచటికి తోడ్కొని పొండు.