బుల్లెట్ బండి: అరవై ఏళ్లు నడిచిన ఇంజను

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు పుట్టిల్లు ఇంగ్లండు, మెట్టినిల్లు మద్రాసు. 1949లో బయటికొచ్చిన దీని 350 సీసీ ఇంజను, మూల నిర్మాణం మారకుండా 2010 దాకా తయారవుతూనే ఉంది. ఇది నిలబడింది వేగం వల్ల గానీ మైలేజీ వల్ల గానీ కాదు. ఎక్కడైనా విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించుకోగలిగే నిర్మాణమే దీన్ని ఇంతకాలం బతికించింది.

పుట్టుక

ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో సైకిళ్లు తయారుచేసే ఎన్‌ఫీల్డ్ సంస్థ 1901లో తొలి మోటారు సైకిల్ నిర్మించింది. అంతకుముందే ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసేది. సంస్థ పేరు అలా వచ్చిందే. బుల్లెట్ అనే పేరు 1932లో మొదలైంది. ఇప్పుడు మనం గుర్తుపట్టే రూపం మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాతిది.

ఆ కాలపు బండ్లలో చాలావాటికి వెనక చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్లు ఉండేవి కావు. గుంత తగిలితే అదురంతా నడుముకే. చక్రాన్ని మోసే చట్రం పైకీ కిందికీ ఆడేలా స్వింగ్ ఆర్మ్ అమర్చి, దానికి షాక్ అబ్జార్బర్లు బిగించడం కొత్త బుల్లెట్‌లోని ముఖ్యమైన మార్పు. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ఈ నమూనా బండ్లు బంగారు పతకాలు తెచ్చాయి. మరుసటి ఏడు అమ్మకాలు మొదలయ్యాయి.

మద్రాసుకు రాక

సరిహద్దు గస్తీకి గట్టి బండి కోసం చూస్తున్న భారత సైన్యం 1950ల తొలినాళ్లలో మద్రాస్ మోటార్స్ అనే సంస్థ ద్వారా బుల్లెట్లు తెప్పించింది. కొండదారుల్లో తట్టుకోవడం, మరమ్మతు సులువు కావడం సైన్యానికి నచ్చాయి. 1955లో రెడిచ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. తిరువొత్తియూరు కర్మాగారంలో 1956లో 163 బండ్లు తయారయ్యాయి. మొదట్లో ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవారు, తర్వాత అవీ ఇక్కడే తయారయ్యాయి.

అటు ఇంగ్లండులో రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. 1970 నాటికి అక్కడ తయారీ పూర్తిగా ఆగిపోయింది. 1977లో మద్రాసు బుల్లెట్లు బ్రిటన్‌కు ఎగుమతయ్యాయి. కన్నదేశం వదిలేసిన బండిని తిరిగి ఆ దేశానికే అమ్మింది మద్రాసు.

ఇంజను తీరు

పాత బుల్లెట్‌కు ఒక్కటే సిలిండరు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 346 సీసీ. బోరు కంటే స్ట్రోకు పొడవు కాబట్టి దీన్ని లాంగ్ స్ట్రోక్ ఇంజను అంటారు. పిస్టన్ ఎక్కువ దూరం కదలాలి, అందుకే ఇంజను మరీ వేగంగా తిరగలేదు. బరువైన ఫ్లైవీల్ తోడై, తక్కువ వేగంలోనూ లాగుడు బాగుంటుంది. టాప్ గేరులో నెమ్మదిగా పోతున్నా బండి ఎగిరెగిరి పడదు. శక్తి మాత్రం 18 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ.

పేరుమోసిన ఆ డుగుడుగు చప్పుడుకూ ఇంజను నెమ్మదిగా తిరగడమే కారణం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి ఇంధనం మండుతుంది. బండి నిలబెట్టి ఉంచినప్పుడు క్రాంకు నిమిషానికి 900 చుట్లు తిరిగితే 450 మంటలు, అంటే సెకనుకు ఏడెనిమిది. అంత ఎడం ఉంటే చెవి ఒక్కో దెబ్బనూ విడిగా పట్టుకుంటుంది. వేగంగా తిరిగే చిన్న ఇంజనులో అవన్నీ కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి.

ఇంజను, గేర్‌బాక్సు వేర్వేరు డబ్బాలు. క్లచ్చి ప్లేట్లు మార్చాలంటే ఇంజను దించనక్కర్లేదు. గేరు రాడ్డు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి.

కిక్కు కొట్టే పద్ధతి

పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడానికి బలం కంటే పద్ధతి ముఖ్యం. తాళం తిప్పి కిక్ రాడ్డును మెల్లగా తొక్కుతూ హెడ్‌లైటు మీది యాంప్‌మీటరు చూడాలి. ఇగ్నిషన్ పాయింట్లు కలిసినప్పుడు కాయిల్‌కు కరెంటు పారి ముల్లు ఒక పక్కకు వాలుతుంది, విడిపోగానే నడిమికొస్తుంది. ముల్లు నడిమికొచ్చి కాలికి రాడ్డు బిగుసుకుందంటే పిస్టన్ పైకి చేరినట్టే. అప్పుడు డీకంప్రెషన్ లివరు నొక్కితే సిలిండరులోని ఒత్తిడి బయటికి పోతుంది. రాడ్డును కొద్దిగా ముందుకు జరిపి, లివరు వదిలి, రాడ్డును పైకి రానిచ్చి ఒక్కసారిగా తొక్కాలి. మళ్లీ ఒత్తిడి అడ్డొచ్చేలోగా ఫ్లైవీల్ వేగం అందుకుంటుంది, ఇంజను స్టార్టవుతుంది. ఈ వరస తప్పితే రాడ్డు ఎదురుతన్ని చీలమండ దెబ్బతినవచ్చు.

లోపాలు

డబ్బాల అతుకుల దగ్గర ఆయిల్ కారడం ఈ బండికి పాత జబ్బు. రెండోది పిస్టన్ పట్టేయడం. సిలిండరు కాస్ట్ ఐరన్‌ది, పిస్టన్ అల్యూమినియంది. వేడికి ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఎడతెగకుండా అతివేగంగా తోలితే మధ్యలోని సందు తరిగి పిస్టన్ బిగుసుకుపోతుంది. కనెక్టింగ్ రాడ్డు కింది చివర రోలర్ల బదులు ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది. ఆయిల్ సరిగా అందకపోతే ముందు దెబ్బతినేది అదే.

మార్పులు

1990లో ఐషర్ గ్రూపు ఎన్‌ఫీల్డ్ ఇండియాతో చేతులు కలిపింది, 1994లో దాన్ని తనలో కలుపుకొంది. 1993లో వచ్చిన డీజిల్ బుల్లెట్ ఉద్గార నిబంధనలు బిగుసుకున్నాక కనుమరుగైంది. పాత పెట్రోలు ఇంజనుకూ చివరికి ఆ నిబంధనలే అడ్డొచ్చాయి. 2008 తర్వాత ఇంజను, గేర్‌బాక్సు ఒకే డబ్బాలో ఉండే యూసీఈ నమూనా దాని స్థానంలోకి వచ్చింది, గేరు ఎడమకాలికి మారింది. ఆయిల్ కారడం తగ్గింది, బటన్ స్టార్ట్ మామూలైంది. 2023లో బుల్లెట్‌కు 349 సీసీ జె-సిరీస్ ఇంజను అమర్చారు. ఇందులో బోరు 72, స్ట్రోకు 85.8 మిల్లీమీటర్లు.

పాత బండి కొనేవారికి

ముందు ఆర్‌సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండి మీది నంబర్లతో పోల్చుకోవాలి. చెరిపి మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేయించాలి. నీలి పొగ వస్తే రింగులో వాల్వు గైడ్లో అరిగినట్టు. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు అడుగు నుంచి టకటక మోత వస్తే బుష్ పోయినట్టు, అప్పుడు క్రాంకు విప్పక తప్పదు. అతుకుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే భయం లేదు, నేల మీద మడుగు కడితే ఆలోచించాలి.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. అయితే అలాంటి బండిని ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే వాడాలి, రోజువారీ ప్రయాణానికి వాడకూడదు.

రోజూ ఆఫీసుకు వెళ్లడానికైతే యూసీఈ గానీ ఆ తర్వాతి బండి గానీ తీసుకోవడం మేలు. కాస్ట్ ఐరన్ బుల్లెట్ కావాలనుకుంటే బండి కంటే ముందు పాయింట్లు, ట్యాపెట్లు సరిచేయగల పాత మెకానిక్‌ను వెతుక్కోవాలి. అతను దొరికితేనే ఆ బండి కొనాలి.