పడవను కడిగే పంపు: ఎందుకు? ఎలా?

లంగరు పైకి లాగితే దానితోపాటు బురదా వస్తుంది. చేపల జిగురు, పొలుసులు పడవకు అంటుకుని ఎండితే ఒక పట్టాన వదలవు. తడి ఆరకముందే సముద్రపు నీటినే తోడి, జోరుగా చిమ్మి వాటిని వదిలించేదే ఈ పంపు.

పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు ఈ పనికి చాలదు. అది నీరు ఎక్కువగానే పోస్తుంది గానీ ఒత్తిడి తక్కువ. కడగడానికి డయాఫ్రమ్ పంపు మేలు. మోటారు తిరిగితే లోపలి రబ్బరు పొర ముందుకూ వెనక్కూ కదులుతుంది. వెనక్కి జరిగినప్పుడు నీరు లోపలికి వస్తుంది, ముందుకు జరిగినప్పుడు గొట్టంలోకి పోతుంది. నీరు వెనుదిరగకుండా చిన్న కవాటాలు ఆపుతాయి. గుండెలోని కవాటాలు చేసే పనీ ఇదే. గొట్టం చివర మూస్తే ఒత్తిడి పెరిగి, స్విచ్చి మోటారును ఆపేస్తుంది.

చిన్న పడవకు 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తూ నిమిషానికి సుమారు 15 లీటర్లు ఇచ్చేది సరిపోతుంది. సన్నని తీగ వాడితే వోల్టేజి దారిలోనే పడిపోతుంది. మందపాటి తీగ, తగిన ఫ్యూజు తప్పనిసరి.

ఇసుక రేణువు ఇరుక్కుంటే కవాటం మూసుకోదు, ఒత్తిడి రాదు. అందుకే పంపుకు ముందు జల్లెడ బిగించి, తరచూ విప్పి కడగాలి. ఉప్పునీరు లోపల ఎండిపోకుండా, వాడిన ప్రతిసారీ కాసేపు మంచినీటిని పంపు గుండా నడపాలి. పడవ దిగేముందు సముద్రపు నీరు వచ్చే వాల్వును మూసేయాలి. లేకుంటే గొట్టం ఊడినప్పుడు నీరు పడవలోకే చేరుతుంది.