బ్రేక్ ఆయిల్ డబ్బా మీద రెండో అంకె

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ పేరెత్తితే లారీ డ్రైవర్లకు ముందు గుర్తొచ్చేది బ్రేకులే. నిండు లోడుతో దిగేటప్పుడు బండిని గేరులో పట్టకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దింపితే డ్రమ్ములు కాగిపోతాయి, లైనర్లు పట్టు వదిలేస్తాయి. అయితే లారీలవి గాలి బ్రేకులు. కారు సంగతి వేరు. డ్రైవరు తొక్కిన బలాన్ని చక్రం దాకా మోసుకుపోయేది సన్నటి గొట్టాల్లో ఉండే బ్రేక్ ఆయిల్. అది మరిగిందంటే పెడల్ ఉన్నా బ్రేకు లేనట్టే.

పులివెందుల నుంచి కడపకో, జమ్మలమడుగు నుంచి గండికోటకో కారులో వెళ్లొచ్చేవాళ్లకు ఈ బెంగ అక్కర్లేదు. కంపెనీ చెప్పిన డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్ పోయించి, రెండేళ్లకోసారి మార్పిస్తే సరిపోతుంది. మే నెల ఎండల వల్ల బ్రేక్ ఆయిల్ మరుగుతుందన్న భయమూ అనవసరం. 45 డిగ్రీల ఎండకూ ఆయిల్ మరిగే 200 డిగ్రీలకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఇట్టే కరిగిపోయేది రేస్ ట్రాక్ మీద.

కడప జిల్లాలో అలాంటి ట్రాక్ లేదు. ప్రొద్దుటూరులో స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు దాని సత్తా చూడాలనుకుంటే సుమారు 300 కిలోమీటర్లు నడిపి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై చేరాలి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టిన ఈ ట్రాక్ 1990లో మొదలైంది. చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు. అంతకుముందు పందేలన్నీ నెల్లూరు రోడ్డులోని షోలవరంలో, యుద్ధకాలపు పాత విమాన రన్‌వే మీద జరిగేవి. ఇప్పుడు సొంత కారు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, పోటీ లేకుండా వేగం రుచి చూసే రోజులనే ట్రాక్ డేలంటున్నారు.

ఒకటిన్నర టన్నుల కారు 200 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు ముందు 80కి దిగిందనుకుందాం. ఆ కొద్ది క్షణాల్లో బ్రేకులు మింగే శక్తితో ఆరు లీటర్లకు పైగా నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచవచ్చు. రోడ్డు మీదైతే అలా ఒకసారి తొక్కాక డిస్కులు చల్లబడటానికి బోలెడు వ్యవధి ఉంటుంది. ట్రాక్ మీద ఆ వెంటనే ఇంకో మలుపు వస్తుంది. డిస్కు వేడి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి క్యాలిపర్ పిస్టన్‌కు, అక్కడి నుంచి ఆయిల్‌కు పాకుతుంది.

ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. క్యాలిపర్‌లో ఆవిరి బుడగ పుట్టిందంటే కాలి బలమంతా దాన్ని నొక్కడానికే ఖర్చయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ప్యాడ్లు కాగినప్పుడు జరిగేది ఇది కాదు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, కారే ఆగదు. ఈ తేడా తెలియక ఆయిల్ తప్పుకు ప్యాడ్లు మార్చుకునేవాళ్లున్నారు.

ఇక కొనేటప్పుడు చూడాల్సిన అంకెలు. డాట్ 3 కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇవి ‘డ్రై’ అంకెలు. ఈ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రబ్బరు గొట్టాల గుండా, రిజర్వాయర్ మూత గుండా కొద్దికొద్దిగా నీరు చేరుతూనే ఉంటుంది. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఎక్కడ మరుగుతుందో చెప్పేది ‘వెట్’ అంకె. డాట్ 3కి అది 140, డాట్ 4కి 155, డాట్ 5.1కి 180. కొత్తలో 230 ఉన్నది 155కి పడిపోవడం చిన్న విషయం కాదు. డ్రై అంకె కొత్త డబ్బా గొప్ప మాత్రమే. వెట్ అంకె కారులో పాతబడిన ఆయిల్ అసలు ముఖం.

రేసింగ్ ఆయిళ్లలోనూ ఇదే లెక్క. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 డ్రై 312 డిగ్రీలు, వెట్ 205. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ డ్రై 320, అంటే పెద్ద తేడా లేదు. కానీ వెట్ 270! దాని ధర ఎక్కువ కావడానికి కారణం అదే. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లేవాళ్లు అంత డబ్బు పోయనక్కర్లేదు. మొదటి రకం తెచ్చి, ప్రతిసారీ వెళ్లేముందు కొత్తగా పోయించుకుంటే చాలు. నెలనెలా వెళ్లేవాళ్లకు రెండోది గిట్టుబాటు. రేసింగ్ ఆయిళ్లలో కొన్ని గడ్డకట్టే చలిలో చిక్కబడి ఏబీఎస్‌ను ఇబ్బంది పెడతాయంటారు. ప్రొద్దుటూరు డిసెంబరుకు ఆ సమస్య రాదు.

డాట్ 5 జోలికి మాత్రం పోకూడదు. అంకెలో 5.1కి చుట్టంలా కనిపించినా అది సిలికాన్ ద్రవం. మామూలు ఆయిల్‌తో కలవదు, ఏబీఎస్ ఉన్న కార్లకు పనికిరాదు.

మంచి ఆయిల్ కొన్నా గాలి సరిగ్గా తీయకపోతే దండగే. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకుంటారు. ఇంకొకరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్ కొద్దిగా వదులు చేస్తారు. దానికి తొడిగిన ప్లాస్టిక్ ట్యూబులో ముందు డికాషన్ రంగు ఆయిల్, మధ్యమధ్య బుడగలు వస్తాయి. కాసేపటికి తేనె రంగు కొత్త ఆయిల్ దిగుతుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకపోతే గాలి మళ్లీ లోపలికి పోతుంది. రిజర్వాయర్ ఖాళీ కాకుండా చూడటానికి మూడో మనిషి ఉంటే ఇంకా నయం. బాడీ మీద ఒక్క చుక్క పడినా పెయింట్ లేస్తుంది, వెంటనే నీళ్లతో కడిగేయాలి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన పరుగెత్తిన ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ రేసు కార్లకు బ్రేకులు కాగే ఈ పాట్లు చాలావరకు తక్కువ. వేగం తగ్గించే పనిలో పెద్ద వాటా వాటి మోటార్లదే, ఆ శక్తి తిరిగి బ్యాటరీలోకి పోతుంది. పెట్రోలు స్పోర్ట్స్ కారుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే చివరి చుట్టు బ్రేకు పెద్దగా తొక్కకుండా నెమ్మదిగా తిప్పి లోపలికి రావాలి. ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేరులో వదిలేయడం మేలు.

చాలా కార్లకు ఆయిల్ పూర్తిగా మార్చడానికి లీటరు చాలు, రేసింగ్ ఆయిల్ అర లీటరు డబ్బాల్లో దొరుకుతుంది. రెండు డబ్బాలు తెచ్చి, రెండోది అవసరం పడేదాకా సీలు విప్పకుండా ఉంచుకోవాలి. విప్పి షెడ్డు అలమారలో పెట్టిన సగం డబ్బా వచ్చే ట్రాక్ డేకి పనికిరాదు.