ముందు వల... ఆ తర్వాతే ఇల్లు

తుపానులో తుడిచిపెట్టుకుపోయిన పల్లెకారుల ఊరు మళ్లీ నిలబడాలంటే ఏం కావాలి? దివిసీమ నేర్పిన పాఠాలు మెట్ట రైతుకూ పనికొచ్చేవే.

కృష్ణమ్మ పాలమూరు వైపు తంగిడి దగ్గర మన గడ్డ మీద అడుగుపెడుతుంది. సోమశిల, ఏలేశ్వరం, నాగార్జునసాగర్, మట్టపల్లి దాటి కిందికి పోయి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చిట్టచివర, నది పాయల మధ్య ఉన్న లంక నేలే దివిసీమ. నది ఒకటే గానీ కష్టాలు వేరు. మనకు వాన రాకుంటే గండం, వాళ్లకు గాలివాన వస్తే గండం.

1977 నవంబర్ 19, శనివారం. చీరాల దగ్గర తీరం దాటిన తుపాను దివిసీమను ఊడ్చేసింది. అయిదారు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీరపు పల్లెల్లో గుడిసెలు ఆనవాలు లేకుండా పోయాయి. రేడియోలో హెచ్చరిక వచ్చినా దూరాన ఉన్న పల్లెలకు సకాలంలో చేరలేదు, చేరినచోట జనం అంత ముప్పు ఊహించలేదు. మొత్తం మీద చనిపోయినవారు అధికారిక లెక్కల ప్రకారమే పదివేల దాకా ఉన్నారు. కోతకు వచ్చిన వరి, వేలాది పశువులు, పడవలు, వలలు అన్నీ సముద్రం పాలయ్యాయి.

రాష్ట్రమంతా కదిలింది. అవనిగడ్డ ప్రాంతం నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ పల్లెల్లోనే ఉండి సహాయం నడిపించారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. రామకృష్ణ మిషన్ మొదలుకొని క్రైస్తవ సేవా సంస్థల దాకా ఎందరో వచ్చి కాలనీలు కట్టారు.

అన్నం పొట్లం మొదటి వారానికి చాలు. అసలు కష్టం నెల తిరిగిన తర్వాత మొదలవుతుంది. లారీలు రావడం ఆగుతుంది, పత్రికల్లో వార్త లోపలి పేజీకి పోతుంది. పని మాత్రం అప్పటికి మొదలు కూడా కాదు.

వలే వాళ్ల నాగలి

పల్లెకారుకు వల లేకపోతే, మనకు ఎడ్లూ నాగలీ లేనట్టే. తల మీద టార్పాలిన్ కప్పు ఉన్నా నాలుగు నెలలు గడుపుతాడు. చేతిలో వల లేకుండా నాలుగు నెలలు ఉంటే అప్పులో మునిగిపోతాడు. అందుకే ముందు వల, ఆ తర్వాత ఇల్లు.

అప్పు సంగతి మనకు చెప్పాల్సిన పనిలేదు. విత్తనాలకూ మందులకూ పైసలిచ్చిన అడ్తిదారుకే పత్తి తూకం వేయాల్సిన గతి మనలో ఎంతమందికి లేదు? అక్కడా అంతే. పడవకూ వలకూ బయానా ఇచ్చిన చేపల సావుకారుకే, అతను చెప్పిన ధరకే పట్టిన చేప అప్పగించాలి. తుపాను తర్వాత సాయం ఆలస్యమైన ప్రతి వారం ఆ ముడి ఇంకా బిగుస్తుంది. సమయానికి అందిన ఒక్క వల ఆ ముడిని వదులు చేస్తుంది.

అయితే పడవలు పంచడంలోనూ ఒడుపుండాలి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో కొన్ని ఊళ్లకు అవసరాన్ని మించి ఫైబర్ పడవలు వచ్చిపడ్డాయి. కొన్ని నాసిరకానివి. ఎన్ని కుటుంబాలు, ఎవరు ఏ వేట చేస్తారు అని ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగి ఇస్తే ఆ తప్పు జరగదు. పడవ మీద ఒక్కడు పోడు, నలుగురైదుగురు పోతారు. కాబట్టి ఆ జట్టు పేరు మీదే ఇవ్వడం మంచిది. ఒక్కరి పేరు మీద ఇస్తే మిగతావాళ్లు అతని కింద కూలీలవుతారు.

ఆడవాళ్ల సంగతి మరవొద్దు. చేపలు ఎండబెట్టేదీ, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేదీ వాళ్లే. తట్ట, తక్కెడ, ఉప్పు, చేతిలో కొద్దిపాటి పెట్టుబడి ఉంటే ఇంటికి మొదటి పైసలు తెచ్చేది వాళ్లే.

కాగితం లేనివాడి గతి

నష్టపరిహారం రాసేటప్పుడు పడవ ఉన్నవాడి పేరు జాబితాలోకి ఎక్కుతుంది. కాలువల్లో, మడుగుల్లో చేతులతో పీతలు, రొయ్యలు పట్టి బతికే యానాదులకు పడవ లేదు, పట్టా లేదు. పోయింది చూపడానికి కాగితం లేదు. మన దగ్గర కౌలు రైతుదీ ఇదే కథ. పంట పోయేది కౌలుదారుకు, పరిహారం పోయేది పట్టాదారుకు. ఎక్కడైనా సరే, సాయం చేయబోయేవాళ్లు జాబితాలో లేనివాళ్లెవరని ముందు అడగాలి.

దారి లేని ఊళ్లదీ ఇదే బాధ. నాచుగుంట, ఎదురుమొండి వంటి దీవులకు చాలాకాలం పంటు ఎక్కి నది దాటడమే మార్గం. లారీ ఆగినచోటనే సాయం ఆగితే, రోడ్డు పక్క ఊరికి రెండుసార్లు అందుతుంది, లోపలి పల్లెకు ఒక్కసారీ అందదు.

గాలికి ఆగే ఇల్లు

పక్కా ఇల్లు ఇస్తే సరిపోతుందనుకోవద్దు. తీరానికి మరీ దూరంగా కడితే పడవకు కాపలా ఉండదు, వల ఆరేసుకోను జాగా ఉండదు. ఉప్పునీళ్లతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పుపట్టి కొన్నేళ్లకే శ్లాబు పెచ్చులూడుతుంది. కాబట్టి మంచినీళ్లు, నది ఇసుకే వాడాలి.

కమ్మల ఇల్లైనా ఒడుపుగా కడితే గాలికి నిలుస్తుంది. మే నెల ఈదురుగాలులకు మన దగ్గర రేకులు లేచిపోతాయి కదా, ఈ సంగతులు మనకూ పనికొస్తాయి.

• అరుగు ఎత్తుగా ఉండాలి. గుంజలు లోతుగా పాతి, భూమిలో ఉండే భాగానికి తారు పూయాలి.
• రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు గాలికి బాగా ఆగుతుంది.
• మూలల్లో గుంజలను ఏటవాలు కర్రలతో బిగించాలి. లేకుంటే ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుంది.
• కప్పు మీదుగా మోకు వేసి, రెండు కొసలనూ భూమిలో పాతిన మేకులకు కట్టాలి.
• రేకుల మీద రాళ్లు పెట్టడం ప్రమాదం. గాలికి అవే మీద పడతాయి. రేకును దూలానికి బోల్టులతో బిగించాలి.

ఊరి ముందు చెట్టే మొదటి గోడ. నదీముఖంలో మడ అడవి, ఒడ్డున సరుగుడు, తాటి వరుసలు గాలి దెబ్బనూ అల దెబ్బనూ తగ్గిస్తాయి. అడవి నరికినచోట దెబ్బ నేరుగా ఇంటికే.

ఉప్పెక్కిన పొలం

సముద్రం వెనక్కి పోయినా ఉప్పు పొలంలో ఉండిపోతుంది. గట్లు గట్టిగా వేసి, మంచినీళ్లు నిండా పెట్టి, రెండు మూడు రోజులుంచి మురుగు కాలువలోకి వదలాలి. ఇట్లా పలుమార్లు చేయాలి. నీళ్లు బయటికి పోయే దారి లేకుంటే ఎన్నిసార్లు పెట్టినా ఫలితం ఉండదు. తర్వాత మట్టి పరీక్ష చేయించాలి. ఉప్పు కొలత 4 మిల్లీమోస్ దాటితే చాలా పంటలు దెబ్బతింటాయి. ఎకరాకు 12 కిలోల దాకా జీలుగ చల్లి, పూతకు వచ్చే ముందు కలియదున్నితే నేల కోలుకుంటుంది. జిప్సం అన్ని నేలలకూ అక్కర్లేదు. పరీక్షలో క్షారం ఉందని తేలితేనే వేయాలి. సాగర్ ఎడమ కాలువ కింద చౌడు పట్టిన పొలాలున్న రైతులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

మనం చేయగలిగింది

ఎకరం, రెండెకరాల రైతు ఏం సాయం చేస్తాడని అనుకోవద్దు. పాత బట్టల మూటల కన్నా ఊరంతా కలిసి పోగుచేసిన బియ్యం, జొన్నలు మేలు. మోకులు, గడ్డపారలు, పారలు, వెదురు పంపితే ఊరు లేపే పనికి వస్తాయి. ఎండుగడ్డి పంపితే మిగిలిన పశువులు బతుకుతాయి. అన్నిటికన్నా విలువైంది మన చేతిపని. దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టి మోసింది పాలమూరు కూలీలే. పూడిన చెరువు తీయడం, తెగిన కట్ట వేయడం మనకు చెప్పనక్కర్లేదు. ఉప్పునీళ్లు చేరిన మంచినీటి చెరువును తోడి బాగుచేయడమంటే ఆ ఊరికి ప్రాణం పోసినట్టే. పదిమంది పదిరోజులు పోయి వస్తే లారీ సామాను కన్నా ఎక్కువ. పోయేముందు అక్కడి పంచాయతీని అడిగి, ఏం కావాలో తెలుసుకుని పోవాలి.

మనకూ వచ్చింది ఆ గతి

మెట్ట ప్రాంతం కదా, మనకేం అనుకోవద్దు. 2009 అక్టోబర్ మొదట్లో కృష్ణా, తుంగభద్ర పొంగి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్, రాజోలి నీటమునిగాయి. రాజోలి నేతగాళ్ల గుంతమగ్గాల్లో బురద నిండింది. అక్కడా అదే లెక్క. పల్లెకారుకు వల ఎట్లనో, నేతగాడికి మగ్గం అట్ల. ముందు మగ్గం ఆడితేనే పొయ్యి వెలుగుతుంది.

తీరపు మనుషులు మనకు కొత్తవాళ్లు కూడా కాదు. నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో సాగర్ నీళ్ల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ, విశాఖ వైపు నుంచి చేపలవేటకు వచ్చి స్థిరపడినవాళ్లదే. అక్కడికి పోయి అడిగితే వల ఖరీదు ఎంతో, సముద్రం ఎట్లాంటిదో వాళ్లే చెబుతారు.

హెచ్చరికకు విలువ ఎంతో కూడా దివిసీమే నేర్పింది. 1977 తర్వాత తీరం వెంట తుపాను రక్షణ భవనాలు కట్టారు. 1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. ముందే ఆరు లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. అదీ తక్కువేం కాదు, కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ! 1996 నవంబర్ 6 కోనసీమ తుపానులో మాత్రం వేటలో ఉన్న ఎందరో మత్స్యకారులు తిరిగి రాలేదు. హెచ్చరిక ఒడ్డు దాకా వస్తే చాలదు, పడవ దాకా చేరాలి.

ఈసారి తుపాను వార్త విన్నప్పుడు మన పత్తి, వరి కుప్పలు కప్పుకుందాం. ఆ పని అయ్యాక, నది చివరన ఉన్నవాళ్లను ఒకసారి తలుచుకుందాం. ఊరంతా కలిసి ఒక్క జట్టుకు వల కొనిచ్చినా నాలుగైదు పొయ్యిలు వెలిగించినట్టే.