‘తల తిరుగుతోంది సార్’ అని చెప్పగలడా?

అమెరికన్ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరే ఆట. ఆ విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. జట్టు ఎత్తుగడంతా అతని మీదే, ఎదుటి జట్టు గురీ అతని మీదే.

మయామీ డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్‌గా టువా టాగోవైలోవా మొదటి రెండేళ్లు అంతంతమాత్రంగానే ఆడాడు. రోజూ పనికిరావని అనిపించుకుంటే చివరికి అదే నిజమనిపిస్తుందని ఆ రోజుల గురించి తర్వాత చెప్పాడు. 2022లో కోచ్‌గా వచ్చిన మైక్ మెక్‌డానియల్, అతను బాగా ఆడిన వందల సందర్భాలను ఏరి వీడియోలో చూపించాడు. 2023లో లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు (4,624) పాస్ చేసింది టువానే.

డాక్టర్‌గా నాకు ఇదే కథలో ఇంకో సంగతి ముఖ్యం. 2022 సెప్టెంబరు 25న అతని తల నేలకు కొట్టుకుంది. లేచి తూలాడు. నడుము నొప్పి వల్లేనని చెప్పి, పరీక్షించి, మళ్లీ ఆడించారు. నాలుగు రోజులకే మరో మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి, వేళ్లు బిగుసుకుపోయి, స్ట్రెచర్ మీద బయటికెళ్లాడు. నమ్మకమిచ్చిన కోచ్ ఉన్న జట్టులోనే! నాడీ సమస్యతో నడక తూలినా, మాట తడబడినా ఆ రోజుకు ఆట బంద్ అని అక్టోబరులో లీగ్ నియమం మార్చింది.

మా ఓపీకి మొన్న ఓ తొమ్మిదో తరగతి కుర్రాడు వచ్చాడు. క్యాచ్ పడుతూ మరొకడిని ఢీకొట్టాడట. తల తిరుగుతున్నా చెప్పలేదు. ‘చెబితే టీమ్‌లోంచి తీసేస్తారు సార్’ అన్నాడు. సీటీ నార్మల్. ‘అయితే ఆదివారం ఆడొచ్చా?’ అని వాళ్ల నాన్న.

ఆడకూడదు. కంకషన్‌లో మెదడు పనితీరు కొన్నాళ్లు గాడి తప్పుతుంది. అది సాధారణంగా స్కాన్‌లో కనిపించదు. తగ్గకముందే మరో దెబ్బ తగిలితే ప్రమాదం. అనుమానం వస్తే అప్పుడే ఆట ఆపాలి. ఒకట్రెండు రోజులు విశ్రాంతి. తర్వాత చదువు, నడక, పరుగు మెల్లగా మొదలుపెట్టి, డాక్టర్ సరేనన్నాకే మ్యాచ్. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్, ముక్కు, చెవుల్లోంచి నీరు కారడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి.

ఆ కోచ్‌కు చీటీ రాసిచ్చాను: తగ్గేదాకా ఆడించొద్దు, కానీ జట్టులోంచి తీయొద్దు అని. పై వారం వాడు స్కోరు బుక్ పట్టుకుని కూర్చున్నాడట.