దూరప్రయాణం చివర దీవిలో నాలుగు రోజులు

ప్రభువు పంపిన పండ్రెండుగురు శిష్యులు ఇద్దరిద్దరుగా ఊరూరా తిరిగి, అలసిపోయి ఆయన యొద్దకు తిరిగి వచ్చారు. చేసినవీ, బోధించినవీ అన్నీ ఆయనకు చెప్పుకున్నారు. ప్రభువు వారిని వెంటనే మరొక ఊరికి పంపలేదు. జనం లేని చోటికి వచ్చి కొంతసేపు అలసట తీర్చుకోమన్నాడు. వారు దోనె ఎక్కి వెళ్లిన సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతాం. ప్రయాణం చివర విశ్రాంతి తీసుకోవడం సోమరితనం కాదనీ, అది ప్రభువు నేర్పిన క్రమమనీ దీనివలన తెలుస్తున్నది.

మన పల్లె కుటుంబాలకు యాత్ర అంటే పరుగే. పంట ఇంటికి చేరాక, పిల్లల సెలవులు చూసుకొని, ఏళ్ల తరబడి దాచిన డబ్బుతో బయలుదేరుతాం. "ఇంత దూరం వచ్చాం గదా" అంటూ రోజుకు నాలుగు చోట్లు చూస్తాం. ఇల్లు చేరేసరికి నాయనమ్మకు కాళ్ల వాపులు, పిల్లలకు జ్వరం, ఆలుమగల మధ్య మాటా మాటా. చూసినది ఒక్కటీ మనసులో నిలవదు. అందుచేత యాత్ర చివర మూడు నాలుగు రోజులు ఒకే చోట నిలిచిపోయేటట్లు ఏర్పాటు చేసుకోవడం మేలు. దానికి తగిన చోట్లలో అండమాన్ దీవులు ఒకటి.

శ్రీరాంపూర్ నుండి సముద్రం మీదికి

క్రైస్తవ కుటుంబానికి ఒక మంచి దారి ఉంది. ముందు రైలులో కలకత్తా చేరి, హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్ చూడాలి. 1793లో మన దేశానికి వచ్చిన విలియం కేరీగారు 1800 నుండి అక్కడే పనిచేసి, 1834లో అక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆయన, తోటి మిషనరీలు కలిసి 1818లో స్థాపించిన కళాశాల నేటికీ ఉన్నది. విశాఖపట్నంలో అనువదించిన తెలుగు సువార్తలు 1812లో అచ్చయినది శ్రీరాంపూర్‌లోనే. మన చేతిలోని బైబిలుకు ఆ ఊరితో అంత పాత బంధుత్వం ఉన్నది.

కలకత్తా నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో మూడు నాలుగు రోజుల ప్రయాణం. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఓడలు రోజూ ఉండవు గనుక తేదీలు ముందే తెలుసుకోవాలి. వాంతుల మాత్రలు దగ్గర ఉంచుకోవాలి. స్తోమత ఉన్నవారికి విమానం ఉన్నది. మన దేశస్థులకు అండమాన్ వెళ్లడానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు; గుర్తింపు కార్డు చాలు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వాతావరణం అనుకూలం. తిరుగు ప్రయాణం మద్రాసు మీదుగా పెట్టుకోవచ్చు.

మొదటి రోజు ఏమీ చేయవద్దు

దీవి చేరిన రోజున ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. ఆ దీవులు తూర్పున చాలా దూరంగా ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువలన తెల్లవారుజామున అయిదింటికల్లా వెలుతురు వస్తుంది, సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. పెందలాడే భోంచేసి, కుటుంబ ప్రార్థన చేసుకొని పడుకోవడానికి అంతకంటే ఏం కావాలి? మన ఇళ్లలో తల్లి పని లేకుండా కూర్చోవడం చూసిన పిల్లలు ఎంతమంది? పొయ్యి వెలిగించనక్కరలేని ఆ నాలుగు రోజులూ ఆమెకు నిజమైన విశ్రాంతిదినాలు కావాలి. అక్కడ కూడ బట్టలు ఉతికే పని ఆమె మీదనే వేస్తే, దీవికి పోయినా ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఇక పెద్దవాళ్ల సంగతి. తండ్రి పక్కన ఒక గంట ఊరకే కూర్చొని ఆయన చిన్ననాటి సంగతులు వినే అవకాశం ఎప్పుడూ ఉండేది కాదు.

కన్నీటి గోడలు, కూలిన గుడి

రెండవ రోజు సెల్యులర్ జైలు చూడవచ్చు. 1896లో మొదలుపెట్టి 1906లో కట్టడం ముగించారు. ఏడు వరుసల కట్టడంలో మూడే మిగిలాయి. ఒక్కొక్క ఖైదీని ఒక్కొక్క గదిలో బంధించేవారు. 1922-24 నాటి మన్యం తిరుగుబాటులో శిక్షపడిన మన ప్రాంతపు వారిని కొందరిని కూడ ఈ దీవులకు పంపారు. పిల్లలకు ఆ గది లోపల నిలబడి చెబితే, స్వేచ్ఛ విలువ వేరే పాఠం లేకుండానే తెలుస్తుంది.

అక్కడికి ఎదురుగానే, లాంచీలో కొద్ది నిమిషాల దూరంలో రాస్ దీవి ఉన్నది. 2018 నుండి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి. ఒకప్పుడు అది ఆంగ్ల అధికారుల ముఖ్యస్థానం. వారి బంగళాలు, నాట్యశాల, ప్రెస్బిటేరియన్ దేవాలయం అన్నీ నేడు శిథిలాలు. చెట్ల వేళ్లు గోడలను చుట్టుకొన్నాయి; జింకలు తిరుగుతున్నాయి. మనుష్యుల దర్పం ఎన్నాళ్లుంటుందో ఆ గోడలే చెబుతాయి.

కూలని సంఘం

రాతి గుడి కూలినా ఈ దీవుల్లో సంఘం కూలలేదు. దక్షిణాన ఉన్న కార్ నికోబార్ దీవిలో పుట్టిన జాన్ రిచర్డ్‌సన్‌గారు బర్మాలో చదువుకొని, తన జనుల మధ్యకు తిరిగివచ్చి బోధకుడయ్యారు. క్రొత్త నిబంధనను నికోబారీ భాషలోకి తెచ్చారు. 1942 నుండి 1945 వరకు జపాను సైన్యం ఆ దీవులను ఆక్రమించినప్పుడు తన ప్రజలతో కూడ శ్రమలు అనుభవించారు. 1950లో బిషప్ అయ్యారు. మొదటి లోక్‌సభలో సభ్యులుగా కూర్చున్నారు. శ్రీరాంపూర్‌లో చూసిన పని, అనగా మనిషికి తన తల్లిభాషలో దేవుని వాక్యం అందించడం, ఇక్కడ ఒక దీవివాసి చేతనే జరిగింది.

2004 డిసెంబరు 26 ఆదివారం. క్రిస్మస్ మరునాటి ఉదయం సునామీ ఆ దీవి తీరపు గ్రామాలను తుడిచిపెట్టింది. ఎందరో చనిపోయారు. మిగిలినవారు లోపలి ఎత్తు ప్రదేశాలకు వెళ్లి, మళ్లీ ఇళ్లూ గుళ్లూ కట్టుకున్నారు. నికోబార్‌కు యాత్రికులను అనుమతించరు. అయితే చదువులకు, వైద్యానికి వచ్చిన నికోబారీ విశ్వాసులు పోర్ట్ బ్లెయిర్‌లో కనబడతారు. ఆదివారం వారితో కూడ ఆరాధనలో కూర్చోవడం సముద్రతీరం చూడడం కంటే మిన్న.

భాష కోసం భయపడనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. మెలితే ద్వీపవాసులు పౌలును ఆదరించినట్లు, మీ ఊరి పేరు అడిగి కాఫీకి పిలిచేవారు అక్కడ తారసపడతారు.

తీరానికి వెళ్లినప్పుడు హెచ్చరిక బోర్డులు చదవాలి. కొన్ని చోట్ల మొసళ్ల భయం ఉన్నది. పగడాలు ఏరి తేవడం, ఆదిమజాతుల వారిని ఫోటోలు తీయడం చట్టరీత్యా నేరం.

శిష్యులు విశ్రాంతికి వెళ్లిన చోటికే జనసమూహం కాలినడకన ముందుగా చేరింది. ప్రభువు విసుగుకొనలేదు, కనికరపడ్డాడు. నిజమైన విశ్రాంతి మనలను పక్కవారి ఎడల మెత్తబరుస్తుంది. అండమాన్ వెళ్లే స్తోమత లేని కుటుంబం కూడ ఈ క్రమం పాటించవచ్చు. ఏ ప్రయాణం నుండి వచ్చినా, మరునాడే పొలానికీ పనికీ పరుగెత్తక, ఒక్క దినం అందరూ కలిసి కూర్చొని, చూసినవీ విన్నవీ చెప్పుకొని, క్షేమంగా చేర్చిన దేవునికి స్తోత్రం చెల్లించండి. ఆ దినమున అమ్మను వంట చేయనివ్వకండి.