గొంతులోని రాచపుండు: పొగాకు, వైరసు

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధినే నేటి వైద్యులు క్యాన్సరు అనుచున్నారు. దేహములోని కణములు హద్దుమీఱి పెరిగి ప్రక్క భాగములను ఆక్రమించుటయే దాని స్వభావము. అది నోట, నాలుకపై, అంగిట, గొంతుకలో పుట్టినచో మనుష్యుని అన్నమును, మాటను రెంటిని హరించును. 2022వ సంవత్సరమున మన దేశములో క్రొత్తగా నోటి క్యాన్సరు బయటపడినవారు 1,40,000 మందికి పైగా నుందురని అంచనా. కావున దీనిని గూర్చి గ్రామపెద్దలు తెలిసికొనవలసినది చాల గలదు.

దీని కారణములలో మొదటిది మన మెఱిగినదే. అది పొగాకు. చుట్టయైనను, బీడీయైనను, ఖైనీయైనను, గుట్కాయైనను, తాంబూలముతో నమలు పొగాకైనను ఫలమొక్కటే. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో అడ్డపొగ అను అలవాటు గలదు. వెలిగిన కొనను నోటిలోపల నుంచుకొని చుట్ట కాల్చుటయే అడ్డపొగ. పురుషులకంటె స్త్రీలకే ఈ యలవాటు హెచ్చు. ఆ నిప్పుసెగకు అంగిలి తెల్లబడి దళసరి యగును. నడుమ నడుమ ఎఱ్ఱని చుక్కలు పొడమును. కొందఱికి అచ్చటనే పుండు లేచును. ఇతరదేశములలో అరుదైన అంగిటి క్యాన్సరు ఆ ప్రాంతమున తఱచుగా కనబడుటకు ఇదియే హేతువు. పొగాకు కలియని వక్కయు క్యాన్సరు కలిగింపగలదని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 2004లో ప్రకటించినది. పొగాకునకు సారాయి తోడైనచో అపాయము మఱింత హెచ్చును.

ఇది పాతమాట. ఇక క్రొత్తమాట వినుడు. చుట్ట ముట్టనివానికిని, వక్క నమలనివానికిని గొంతుకలో క్యాన్సరు వచ్చుట గలదు. ఈ సంగతి స్పష్టముగా తేలినది అమెరికాలో. పొగత్రాగుట హానికరమని ఆ దేశమున 1964లో ప్రభుత్వవైద్యాధికారి నివేదిక వెలువడెను. పిదప పొగత్రాగువారు క్రమముగా తగ్గిరి. దానితో నోటి క్యాన్సరును, కంఠనాళపు క్యాన్సరును తగ్గుముఖము పట్టినవి. కాని టాన్సిళ్ళలోను, నాలుక మొదటను పుట్టు క్యాన్సరు మాత్రము తగ్గక, పురుషులలో పెరుగజొచ్చెను. వైద్యులు ఆ గడ్డలను పరీక్షింపగా పెక్కింటిలో ఒక వైరసు కానవచ్చెను. 1988 మొదలు 2004 వఱకు గల కాలములో, ఆ వైరసు గల గొంతు క్యాన్సరు అచ్చట 225 శాతము పెరిగెననియు, వైరసు లేనిది సగమునకు తగ్గెననియు లెక్కలు తేలినవి. ఇప్పుడు ఆ దేశపు గొంతు వెనుకభాగపు క్యాన్సరులలో నూటికి సుమారు 70 ఈ వైరసు మూలముననే కలుగుచున్నవి. మన దేశమున నేటికిని పొగాకే పెద్ద శత్రువు. అయినను రెండవ శత్రువును ఎఱిగియుండుట మేలు.

ఈ వైరసు ఎట్టిది? చేతులపై లేచు పులిపిరులను మీరందఱును చూచియున్నారు. వానిని కలిగించు వైరసుల కుటుంబమునకు హ్యూమన్ పాపిల్లోమా వైరసు అని పేరు. అందు 200 రకములకు పైగా గలవు. పెక్కు రకములు అంతగా హాని చేయవు. 16వ సంఖ్య గల రకము మిక్కిలి ప్రమాదకరము. జర్మనీ దేశస్థుడగు హెరాల్డ్ త్సూర్ హౌజెన్ 1983లో దీనిని స్త్రీల గర్భాశయముఖపు క్యాన్సరులో కనుగొనెను. 2008లో నోబెలు బహుమానము నందెను. గొంతుకలో కీడు చేయునదియు ముఖ్యముగా ఈ రకమే.

ప్రతి కణములోను, అది మితిమీఱి పెరుగకుండ కాచు పదార్థములు గలవు. అవి యూరి తలారులవంటివి. టాన్సిళ్ళలోని లోతైన సన్నని సందులలో వైరసు చేరి, కణములోనికి చొచ్చి, తాను పుట్టించు రెండు పదార్థములచేత ఇద్దఱు తలారులను పనికిరాకుండ చేయును. కావలి పోయిన యూరికి ఏ గతి పట్టునో ఆ కణమునకును అదియే పట్టును. అయితే వైరసు చేరినవారందఱికి క్యాన్సరు రాదు. పెక్కుమంది దేహములు ఒకటి రెండేండ్లలో దానిని వెడలగొట్టును. అది నిలిచిపోయిన కొలదిమందిలో, అదియు పెక్కేండ్లు గడచిన పిమ్మట, వ్యాధి పుట్టును.

వైరసు అనగానే భయము కలుగుట సహజము. క్యాన్సరు వచ్చినదని తెలిసినతోడనే కొన్ని యిండ్లలో రోగికి కంచము వేఱు, మంచము వేఱు చేయుదురు, మనుమలను దరిజేరనీయరు. ఇది అన్యాయము. క్యాన్సరు అంటువ్యాధి కాదు. రోగితో పంక్తిని భుజించుటవలన గాని, అతనికి సేవ చేయుటవలన గాని అది రాదు. వైరసు మాత్రము ముఖ్యముగా స్త్రీపురుష సంపర్కమువలన చేరును. అది ఏనాడు చేరెనో, ఎవరినుండి చేరెనో వైద్యులును చెప్పజాలరు. ఎందఱికో తెలియకయే వచ్చి, తెలియకయే పోవునది. కావున రోగి నడవడిని శంకించుటయు, భార్యనో భర్తనో నిందించుటయు తగదు. పొగాకువలన వచ్చినను, వైరసువలన వచ్చినను రోగి రోగియే.

ఇక గుర్తులు. వైరసువలని క్యాన్సరున తఱచుగా మొదట కనబడునది మెడప్రక్క నొప్పిలేని గడ్డ. నొప్పి లేదు గదా యని ఉపేక్షించుటయే కీడునకు మూలము. మూడు వారములైనను మానని నోటిపుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, బొంగురుగొంతు, మ్రింగుటలో బాధ, ఒక ప్రక్కనే చెవిపోటు, నోరు తెఱువలేకపోవుట - వీనిలో ఏది కనబడినను వైద్యునకు చూపవలెను. పసరు కట్టుచు నెలలు గడుపరాదు. వైరసువలని గొంతు క్యాన్సరు చికిత్సకు మేలుగా లొంగును. 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, మూడేండ్ల పిదప వైరసు గలవారు నూటికి 82 మందియు, లేనివారు 57 మందియు జీవించియుండిరి.

నివారణము రెండు విధములు. పొగాకు, వక్క మానుట యొకటి. వైరసునకు టీకా వేయించుట రెండవది. ఈ టీకా 2006 నుండి లోకమున నున్నది. పూనాలో తయారైన టీకాకు 2022లో మన ప్రభుత్వము అనుమతి నిచ్చినది. వైరసు చేరకముందే, అనగా 9 మొదలు 14 ఏండ్లలోపల, వేయించినచో ఫలము హెచ్చు. బాలికలను గర్భాశయముఖపు క్యాన్సరునుండి కాపాడుట దాని ముఖ్యప్రయోజనము, బాలురకును వేయవచ్చును. వచ్చిన వ్యాధిని అది కుదుర్చదు.

పల్లెలో పెద్దల మాటకు విలువ గలదు. మనుమరాలికి టీకా యెందుల కని యెవరైన వెనుదీసినప్పుడు, పొరుగువాని మెడలోని గడ్డను దాచిపెట్టినప్పుడు, మీ రొక్కమాట చెప్పిన చాలును. ఆ మాట చెప్పునప్పుడు చేతిలో చుట్ట లేకుండుట మఱింత మంచిది.